తెల్లవారుజామున ఒళ్లంతా లోపల్నుంచి జుమ్మంటోంది

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 38 ఏళ్లు. గుంటూరు జిల్లాలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. రెండు నెలలుగా, వారంలో మూడు నాలుగు సార్లు, తెల్లవారుజామున ఒళ్లంతా లోపల్నుంచి జుమ్మని వణుకుతున్నట్టు అనిపించి మెలకువ వస్తోంది. తిరుగుతున్న మిక్సీ మీద చెయ్యి పెడితే ఎలా ఉంటుందో అలా, తల నుంచి కాళ్ల దాకా. చెవుల్లో హోరు. చెయ్యి కదపలేను, పక్కనే ఉన్న మా వారిని పిలుద్దామంటే గొంతు రాదు. అర నిమిషంలో పోతుంది, నాలుక కొరుక్కోవడం, పక్క తడవడం, లేచాక అయోమయం లేవు, జరిగినదంతా గుర్తుంటుంది, కానీ గుండె చాలాసేపు దడదడలాడుతుంది. మా వారేమో 'నువ్వు కదలనే లేదు, మంచం కూడా ఊగలేదు, కల వచ్చుంటుంది' అంటారు. అత్తయ్య గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. యూట్యూబ్‌లో చూస్తే కుండలిని మేలుకుంటోందని ఒకరు, నరాల జబ్బని ఇంకొకరు చెప్పారు. నా అసలు భయం వేరు. మా నాన్నగారు పార్కిన్సన్స్‌తో తొమ్మిదేళ్లు బాధపడి పోయారు. ఆయనకీ నిద్రలోనే మొదలైంది, చెయ్యి వణకడానికి చాలా ఏళ్ల ముందు నుంచే నిద్రలో అరిచేవారు, చేతులు విసిరేవారు, ఒకసారి తగిలి అమ్మ పెదవి చిట్లింది. నాకూ అదే మొదలైందా? సాయంత్రం ఏడింటికి టీ తాగి మొదలుపెట్టి రాత్రి పన్నెండు దాకా రోజుకి ముప్పై పేపర్లు దిద్దుతాను, పొద్దున్నే రెండు బాక్సులు కట్టాలి కాబట్టి 4:15కి అలారం. నాలుగేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను, సుగర్, బీపీ లేవు.

సమాధానం: అమ్మా, ముందు మీ నాన్నగారి సంగతి మాట్లాడదాం, ఎందుకంటే మిగతా ఉత్తరమంతా ఆ భయం చుట్టూనే తిరుగుతోంది. ఆయనకు వచ్చినదీ మీకు వస్తున్నదీ ఒకటేనని మీరు అనుకుంటున్నారు. కాదు. నిజానికి ఆ రెండూ ఒకదానికొకటి పూర్తిగా తిరగేసినవి. ఎలాగో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మనం కలలు కనేది ఎక్కువగా ఒక రకం నిద్రలో. కళ్లు రెప్పల కింద గబగబా కదులుతుంటాయి కాబట్టి దాన్ని రెమ్ నిద్ర అంటారు, 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు దీన్ని గుర్తించి రాశారు. ఈ నిద్రలో మెదడు దాదాపు మెలకువలో ఉన్నంత హడావిడిగా పనిచేస్తుంది, కలలో మనం పరిగెడతాం, కొడతాం, బస్సు వెనకాల పడతాం. మరి మంచం మీద ఒళ్లు ఎందుకు పరిగెత్తదు? మెదడు కింది భాగం, అంటే వెన్నుపాముతో కలిసే చోట ఉన్న మెదడు కాండం, ఆ కాసేపూ కండరాలకు తాళం వేసేస్తుంది కాబట్టి. ఊపిరి తీసే కండరానికీ కళ్లకూ తప్ప దాదాపు అన్నిటికీ. మనల్నీ పక్కన పడుకున్నవాళ్లనీ కాపాడే ఏర్పాటు అది, ప్రతి ఒక్కరికీ రోజూ రాత్రి నాలుగైదు సార్లు జరిగేదే.

మీ నాన్నగారికి ఆ తాళం సరిగా పడలేదు. కలలో చెయ్యి విసిరితే నిజంగానే చెయ్యి లేచింది, అమ్మగారి పెదవి చిట్లింది. మీరు రాసినదాన్ని బట్టి అది రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్ అని నా అంచనా. 1986లో అమెరికాలోని మినియాపోలిస్‌లో షెంక్, మహోవాల్డ్ అనే డాక్టర్లు దాన్ని ఒక జబ్బుగా వర్ణించారు. యాభై దాటాక, వేరే కారణమేదీ లేకుండా అలా మొదలైతే కొన్నేళ్ల తర్వాత చాలామందిలో పార్కిన్సన్స్ గానీ దానికి దగ్గరి జబ్బు గానీ బయటపడుతుంది. మీరు కూతురిగా గమనించింది తప్పేం కాదు, ఆయన జబ్బు నిద్రలోనే మొదలైంది. కానీ మీ విషయంలో తాళం పడకపోవడం కాదమ్మా జరుగుతున్నది, తాళం తియ్యడం ఆలస్యం అవుతోంది. మీరు లేచారు, ఒంటికి వేసిన తాళం ఇంకా తియ్యలేదు. దాని పేరు స్లీప్ పెరాలిసిస్. తెలుగులో నిద్ర పక్షవాతం అని కొందరు రాస్తారు, ఆ పక్షవాతం అనే మాట చూసి హడలిపోకండి, మనకు తెలిసిన పక్షవాతానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఇది పార్కిన్సన్స్‌కు ముందు గుర్తు కూడా కాదు.

పార్కిన్సన్స్ వణుకు ఎలా ఉంటుందో మీరు తొమ్మిదేళ్లు దగ్గరుండి చూశారు, ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఎక్కువగా ఒక పక్కనే మొదలవుతుంది, మెలకువగా కూర్చుని చెయ్యి ఒళ్లో పెట్టుకున్నప్పుడు బొటనవేలూ చూపుడువేలూ మాత్రని నలుపుతున్నట్టు ఆడతాయి, చూసేవాళ్లకి కనిపిస్తుంది, గాఢంగా నిద్రపోతే దాదాపు ఆగిపోతుంది. మీది తల నుంచి కాళ్ల దాకా రెండు పక్కలా, ఎవరికీ కనిపించదు, పూర్తిగా మెలకువ రాగానే పోతుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో కొందరికి లోపల వణుకుతున్నట్టు అనిపించడం ఉంది, అది దాచను, కానీ అది పగలు మెలకువలో కూడా ఉంటుంది. పగలు మీకు చేతిరాత చిన్నదైపోవడం, ఒక చెయ్యి ఊపకుండా నడవడం, వాసన తెలియకపోవడం లాంటివి ఉంటే రాసేవారు. బోర్డు మీద రోజుకు అయిదారు పీరియడ్లు రాసే మనిషికి రాత మారితే పిల్లలే ముందు చెప్తారు.

ఇక మీ వారు. ఆయన 'నువ్వు కదలనే లేదు' అన్నది మీకు కష్టంగా ఉందని అర్థమైంది, నమ్మడం లేదని బాధపడ్డారు. నేను మాత్రం ఆ మాట చదవగానే ఊరట పడ్డాను. ఈ ఉత్తరంలో నాకు పనికొచ్చిన అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదే. ఒళ్లు నిజంగా వణుకుతోందా, వణుకుతున్నట్టు అనిపిస్తోందా అన్నది ఇలాంటి కేసులో నేను అడిగే మొదటి ప్రశ్న, దానికి జవాబు పక్కన పడుకున్నవాళ్లే చెప్పాలి. మంచం ఊగలేదు, చేతులు కాళ్లు కొట్టుకోలేదు, నాలుక కొరుక్కోలేదు, పక్క తడవలేదు, లేచాక అయోమయం లేదు, జరిగినదంతా మీకు పూసగుచ్చినట్టు గుర్తుంది. అంటే ఫిట్స్ అనే అనుమానం చాలావరకు పక్కకు పోయింది. ఆయన చెప్పింది నిజం, మీకు అనిపించిందీ నిజం. కదలని ఒంట్లోనే ఆ కదలిక తెలిసింది.

అదెలా అంటే, మన ఒళ్లు ఎక్కడుంది, ఎటు వంగింది, కదులుతోందా లేదా అని మెదడు క్షణక్షణం లెక్క చూసుకుంటుంటుంది, చెవి లోపలి బ్యాలెన్స్ భాగం నుంచీ కండరాల నుంచీ వచ్చే కబుర్లు కలుపుకుని. రెమ్ నిద్రలో బయటి నుంచి ఆ కబుర్లు సరిగా రావు, లోపల మాత్రం కదలమనే ఆజ్ఞలు పుడుతూనే ఉంటాయి. ఆ స్థితిలో సగం మెలకువ వస్తే లెక్క కుదరదు, ఆ కుదరకపోవడమే వణుకుగా, హోరుగా, కరెంటు పాకినట్టుగా, కొందరికి గాల్లో తేలినట్టుగా తెలుస్తుంది. 2002లో జెనీవాలో ఒక మూర్ఛ రోగికి ఆపరేషన్ ముందు పరీక్షల్లో భాగంగా మెదడులో కుడి చెవికి పైన, కాస్త వెనకగా ఉండే ఒక చోట సన్నని కరెంటు ఇస్తే, ఆమె తాను పైకి తేలిపోయి మంచం మీద ఉన్న తన ఒంటినే చూస్తున్నానని చెప్పింది. కరెంటు ఆపగానే అది పోయింది. ఒళ్లు ఎక్కడుందో లెక్క చూసే చోటు అది, దాన్ని కదిపితే ఇలాంటివి పుడతాయి.

ఇది నాకు పుస్తకంలో చదివి తెలిసింది మాత్రమే కాదు. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో వరుసగా రెండు నైట్ డ్యూటీలు చేసి, తెల్లవారుజామున డ్యూటీ రూములో ఇనుప మంచం మీద తెల్లకోటుతోనే వెల్లకిలా వాలాను. ఎంతసేపైందో తెలియదు, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమన్నట్టు చెవుల్లో మోత మొదలై, అది మెడ దిగి వీపులోకి, కాళ్లలోకి పాకింది, తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు, సిస్టర్ అనుకుని 'వస్తున్నా' అందామంటే నోరు లేవలేదు. పోయాక చూస్తే తలుపు గడియ వేసే ఉంది. డాక్టర్ చదువు చదివినవాణ్నే, ఆ రోజు ఇంకో పది గంటలు పడుకోవడానికి భయపడ్డాను. కాబట్టి మీ భయం ఎంతటిదో నాకు తెలుసు.

ఎంతమందికి వస్తుందంటే, 35 అధ్యయనాల్లోని 36 వేలకు పైగా మనుషుల వివరాలు కలిపి 2011లో లెక్క చూస్తే, మామూలు జనంలో దాదాపు 8 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా స్లీప్ పెరాలిసిస్ వచ్చింది, విద్యార్థుల్లో అయితే 28 శాతం మందికి. నిద్ర చాలని వాళ్లలో ఎక్కువన్నమాట. మన ఊళ్లలో దయ్యం గుండెల మీద కూర్చుందనేవాళ్లు. జపాన్‌లో దీన్ని కనశిబారి అంటారు, లోహంతో కట్టేసినట్టు అని అర్థం. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో ముసలి మంత్రగత్తె వచ్చి ఎక్కి కూర్చుందనేవాళ్లు. ఒకరి ముఖం ఒకరు చూడని ఊళ్లవాళ్లందరూ ఒకే అనుభవాన్ని చెప్పారంటే అది మనిషి మెదడు పనిచేసే తీరులోంచే వచ్చింది. మీ అత్తయ్యగారు కట్టించిన తాయెత్తు తీసెయ్యమని నేను చెప్పను. కోడలు నిద్రలో భయపడుతోందని ఆవిడకు దిగులు వేసింది, తనకు తెలిసిన పని చేశారు. దాన్ని ఉంచుకోండి, దాంతో సరిపెట్టుకోకండి.

కుండలిని గురించి కూడా అడిగారు. ధ్యానం మీద నాకు గౌరవం ఉంది, కానీ రోజూ నాలుగుంబావు గంటలే నిద్రపోయే మనిషికి తెల్లవారుజామున వచ్చే వణుకుకి ఆ పేరు పెట్టనక్కర్లేదు. పైగా ఆ వీడియోల్లో కొన్నిట్లో, ఒళ్లు జుమ్మన్నప్పుడు దాన్ని ఆపకుండా ఇంకా పెంచుకోండి, నాలుగైదు గంటలు పడుకున్నాక అలారం పెట్టుకుని లేచి మళ్లీ వెల్లకిలా పడుకోండి, ఆత్మ బయటికి వస్తుంది అని చెప్తుంటారు. అది చదివారా? నాలుగైదు గంటలు పడుకుని, అలారంతో లేచి, మళ్లీ వెల్లకిలా. వాళ్లు కావాలని చేసేదాన్ని మీరు రోజూ తెలియకుండా చేస్తున్నారమ్మా.

పన్నెండుకి పడుకుని 4:15కి లేస్తే నాలుగుంబావు గంటలు. నిద్ర సుమారు తొంభై నిమిషాల చుట్లుగా నడుస్తుంది, మొదటి చుట్లలో గాఢనిద్ర ఎక్కువ, రెమ్ కొద్దిసేపే, తెల్లవారేకొద్దీ రెమ్ పొడవవుతుంది. అంటే రెమ్ ఎక్కువగా రావాల్సిన చివరి రెండు చుట్లూ మీరు రోజూ కోసేస్తున్నారు. మెదడు ఆ బాకీ వదిలిపెట్టదు, కాస్త సందు దొరికితే నేరుగా రెమ్‌లోకే దూకుతుంది. అలారం మోగగానే దాన్ని నొక్కి 'ఇంకో పది నిమిషాలు' అని మళ్లీ కళ్లు మూసే అలవాటు మీకుందని నేను పందెం కాస్తాను, మీరు రాయలేదు కానీ. ఆ పది నిమిషాలే ఆ సందు. అప్పుడే మళ్లీ మోగే ఫోన్, అది దిండు కింద వైబ్రేషన్‌లో ఉంటే మరీ అన్యాయం, మిమ్మల్ని రెమ్ మధ్యలోంచి బయటికి లాగుతుంది. వారం రోజులు ఒక కాగితం మీద టైము రాసి చూడండి, వణుకు 4:15కీ 4:40కీ మధ్యే వస్తోందని మీకే కనిపిస్తుంది, ఆదివారం మధ్యాహ్నం కునుకులో కూడా ఒకటి రెండు వచ్చి ఉండొచ్చు.

కాబట్టి మందు కంటే ముందు నిద్ర. ఫోన్ దిండు కింద ఉంటే తీసి గదికి అవతలి మూల పెట్టండి, ఒక్కటే అలారం, 5 గంటలకి, మోగితే లేచి నడిచి వెళ్లి ఆపాలి, మళ్లీ పడుకోకూడదు. 10:30కి లైటు ఆర్పెయ్యాలి. ఎలా కుదురుతుందండీ, బాక్సులు ఎవరు కడతారు, పేపర్లు ఎవరు దిద్దుతారు అంటారు. నిజమే, మీరు సరదాకి మేలుకోవడం లేదని నాకు తెలుసు. అందుకే ఈ భాగం మీ వారు కూడా చదవాలి. అయ్యా, మీ ఆవిడకు నేను రాసే మందు మీ చేతిలో ఉంది, పొద్దున్నే ఆ రెండు బాక్సులూ మీరు కట్టండి. ఒక నెల రోజులు చాలు, తేడా తెలుస్తుంది. పేపర్లు రోజుకి ముప్పై కాకుండా పదిహేను. సాయంత్రం ఏడింటికి దిద్దడం మొదలుపెట్టేటప్పుడు తాగే టీ మానెయ్యండి, కెఫీన్‌లో సగం తగ్గడానికే అయిదు గంటల దాకా పడుతుంది, స్టాఫ్ రూములో మూడు గంటల టీయే ఆ రోజుకి చివరిది. వెల్లకిలా పడుకుంటే ఇది ఎక్కువగా వస్తుంది, పక్కకు తిరిగి పడుకుని వీపు వెనక ఒక గట్టి దిండు అడ్డం పెట్టుకోండి.

మళ్లీ వచ్చినప్పుడు ఏం చెయ్యాలి? లేవాలని, అరవాలని పెనుగులాడకండి, తాళం వేసిన తలుపుని గుద్దినట్టే అవుతుంది, భయం పెరిగి ఛాతీ బిగుసుకున్నట్టు ఉంటుంది. ఊపిరి ఆగదు, అది గుర్తు పెట్టుకోండి, ఊపిరి కండరానికి తాళం పడదు. ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదలండి, కాలి బొటనవేలు ఒక్కదాని మీదే మనసు పెట్టి దాన్ని కదపడానికి చూడండి, లేకపోతే కళ్లు అటూ ఇటూ తిప్పండి. మీ వారికి ముందే చెప్పి ఉంచండి, నా ఊపిరి ఉన్నట్టుండి గట్టిగా వినిపిస్తే నా భుజం తట్టి పేరు పెట్టి పిలవండి అని. ఆ తట్టుతో చాలామందికి అది విడిపోతుంది.

ఒక్క పరీక్ష మాత్రం మీకు తప్పకుండా కావాలి, థైరాయిడ్. నాలుగేళ్లుగా మాత్ర వాడుతున్నానన్నారు, ఆఖరిసారి ఎప్పుడు చూపించారో రాయలేదు. మాత్ర మోతాదు ఒంటికి ఎక్కువైతే, ఆ రక్తపరీక్షలో చూసే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ 0.4 కంటే కిందికి పడిపోతుంది, గుండెదడ, చేతుల్లో సన్నటి వణుకు, నిద్ర చెదరడం, బరువు తగ్గడం మొదలవుతాయి. లేచాక గుండె చాలాసేపు కొట్టుకుంటోందన్నారు కాబట్టి ఇది వదలకూడదు. అదే రక్తంతో హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్, బీ12 విటమిన్ చూపించండి, నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్లలో ఇనుము తగ్గి కాళ్లు జివ్వుమని లాగడం, నిద్ర మాటిమాటికీ తెగడం మామూలే. బ్రెయిన్ ఎమ్మారై అవసరం లేదు. ఎవరైనా రాసినా ఎందుకని అడగండి, వేల రూపాయలు పోసి భయం కొనుక్కోవడం తప్ప ఇప్పుడు దాంతో తేలేదేమీ లేదు. పగలు క్లాసులో నిలబడి ఉండగానే నిద్ర ముంచుకురావడం, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు సడలిపోవడం లాంటివి ఉంటే మాత్రం న్యూరాలజిస్టుకి చూపించండి, అది నార్కొలెప్సీ అనే వేరే సంగతి. గురక పెడుతున్నారా, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారా అన్నది మీ వారు చెప్పాలి.

ఈ ఉత్తరం చదివి 'నాకూ వణుకే' అనుకునే మిగతావాళ్లు ఒక్క నిమిషం ఆగండి. సుగర్‌కి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతూ, అర్ధరాత్రి చెమటలు పట్టి, ఆకలేసి, చేతులు నిజంగా వణుకుతూ లేస్తే అది వేరు. నా దగ్గరికి వచ్చిన ఒక ఆటో డ్రైవర్ రాత్రి మాత్ర వేసుకుని అన్నం తినకుండా పడుకున్నాడు, రెండింటికి బనీను తడిసి, వణుకుతూ లేస్తే ఇంట్లోవాళ్లు జ్వరం అనుకుని దుప్పటి కప్పారు. సుగర్ 52. గ్లూకోమీటర్ ఉంటే ఆ క్షణంలోనే చూడండి, 70 కంటే తక్కువుంటే మూడు నాలుగు చెంచాల గ్లూకోజ్ పొడి గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోండి. మీటర్ లేకపోతే చూసుకోలేదు కదా అని ఆగకండి, ముందు తాగండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి. రోజూ మద్యం తాగే అలవాటున్నవాళ్లు ఉన్నట్టుండి మానేసినప్పుడు వచ్చే వణుకు కూడా ఆసుపత్రి విషయమే, ఇంట్లో ఓర్చుకోకూడదు. డిప్రెషన్ మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే తలలో కరెంటు కొట్టినట్టు ఉంటుంది, అవి మెల్లగా, డాక్టర్ చెప్పినట్టే తగ్గించాలి. ఇంకొకటి, ఇనుప మంచానికి రేకు కూలర్ ఆనించి పడుకునేవాళ్లు, మెలకువలో ముట్టుకున్నా చేతికి జివ్వుమంటుంటే అది నిద్ర సంగతి కాదు, ఎర్తింగ్ లేదు, ఆ క్షణమే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, మన దగ్గర ప్రతి వేసవిలో దానివల్ల ప్రాణాలు పోతున్నాయి.

మీ సంగతికి వస్తే, ఆరు వారాలు ఇలా చేసి చూడండి. మొదటి వారంలోనే పూర్తిగా పోకపోవచ్చు, వారానికి నాలుగుసార్లు వచ్చేది ఒకసారికి తగ్గినా దారిలో పడ్డట్టే. థైరాయిడ్ పరీక్షకి మాత్రం ఈ శనివారమే వెళ్లండి, రక్తం ఇచ్చాకే ఆ రోజు మాత్ర వేసుకోండి. టీఎస్‌హెచ్ ఎంత వచ్చిందో, మాత్ర ఎన్ని మైక్రోగ్రాములదో రెండూ రాసి పంపితే మోతాదు గురించి అప్పుడు మాట్లాడదాం. ఆ కాగితం మీద రాసిన టైములు కూడా పంపండి.